గ్రహశకలాలు - పతాక శీర్షికలు



2025 ఫిబ్రవరిలో, మేము ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతుండగా, నాన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆకాశం నుంచి పెద్ద రాయి వస్తోందని, ముంబయి, కోల్‌కతా ఉండవని టీవీలో చెప్పారట. "నువ్వు చదువుకున్నోడివి గదరా, నిజమేనా?" అన్నాడు. "అంతా అబద్ధం నాన్నా" అని పెట్టేశాము. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమొక్కరమే. మేము ఏది చెబితే అదే వేదం. తీరా చూస్తే వార్తలోని అంకె అబద్ధం కాదు!

ఆ గ్రహశకలం పేరు 2024 వైఆర్4. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకు చిక్కింది. సైజు సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం జనవరి చివరికి 1 శాతం దాటింది, ఫిబ్రవరి 18న 3.1 శాతమైంది. ముప్పు పెరుగుతోందని శీర్షికలు మోగిపోయాయి. 24వ తేదీకల్లా అది 0.004 శాతానికి పడిపోయింది. ఈ వార్త నాన్న దాకా రానే లేదు.

ఎందుకు పెరిగింది, ఎందుకు పడింది? హాస్టల్‌కు ఒక ఉత్తరం వచ్చింది, వానకు పేరు చెరిగిపోయింది అనుకోండి. మనం 100 మందిమి. అది మీదయ్యే అవకాశం 1 శాతం. పదో తరగతి వాళ్లదని తేలింది, వాళ్లు 25 మంది, మీరూ అందులో ఉన్నారు. ఇప్పుడు 4 శాతం. పేరు 'స'తో మొదలని తెలిసింది, అలాంటివాళ్లు అయిదుగురు. మీ పేరు సురేష్. అవకాశం 20 శాతం! ఇంకాస్త పరీక్షగా చూస్తే 'సత్యం' అని కనిపించింది. మీకు సున్నా. ఉత్తరం మాత్రం మొదటి నుంచీ సత్యానిదే.

రాయి సంగతీ అంతే. కొద్ది రోజుల పరిశీలనతో దాని దారి సన్నటి గీతగా తెలియదు, వెడల్పాటి పట్టీగా తెలుస్తుంది. పరిశీలనలు పెరిగేకొద్దీ పట్టీ సన్నబడుతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే శాతం పెరుగుతుంది, బయటపడగానే పడిపోతుంది. పెరిగినప్పుడు రాయి దారి మార్చుకోలేదు. ఇక పడితే ఎక్కడ పడవచ్చో చూపే గీత పసిఫిక్ తూర్పు నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా ఉంది. అందులోంచి సముద్రాలు వదిలి నగరాల పేర్లే ఏరుకున్నారు.

తర్వాతి సెలవుల్లో నాన్నకు ఈ ఉత్తరం కథ చెప్పాము. "మరి ఆ రోజు అబద్ధమన్నావేం?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

2029 ఏప్రిల్ 13, శుక్రవారం, అపోఫిస్ అనే పెద్ద గ్రహశకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో వెళుతుంది. కనీసం వందేళ్ల దాకా అది మనల్ని తాకదని నాసా 2021లోనే చెప్పింది. ఆ వారం టీవీలు ఎలా ఉంటాయో ఊహించగలం. నాన్నకు ఇప్పుడే చెప్పి ఉంచాము.