సొరుగులో దాచిన టికెట్

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరి, ఐ-95 మీద వర్జీనియా దాటుతుంటే వెనక నీలం లైట్లు వెలుగుతాయి. 70 మైళ్ల హద్దున్న చోట మీరు 86లో వెళ్తున్నారంటాడు ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు. పదహారు మైళ్లే కదా, జరిమానా కడితే సరిపోతుందనుకుంటాం. కానీ వర్జీనియాలో 85 దాటినా, హద్దు కన్నా 20 మైళ్లు ఎక్కువైనా అది రెక్‌లెస్ డ్రైవింగ్. క్లాస్ 1 మిస్‌డెమీనర్, అంటే నేరమే. ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చని చట్టం.

పోలీసంటే మనకు చిన్నప్పటి నుంచీ బెదురు. ఆ కంగారులో కొందరు కారు దిగి ‘సార్, సార్’ అంటూ ఎదురెళ్తారు. అక్కడ అది ప్రమాదం. సీట్లోనే ఉండి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టి, అడిగాకే లైసెన్సు తీయాలి. టికెట్ మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు హాజరవుతానని మాటిచ్చినట్టు. వాదన ఏదైనా జడ్జి ముందే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. పరువు పోతుందని కొందరు ఆ టికెట్ కాగితాన్ని సొరుగులో పడేస్తారు. వేరే రాష్ట్రం కదా, మనదాకా రాదులే అని సర్దిచెప్పుకుంటారు. వస్తుంది. చాలా రాష్ట్రాలు ఈ వివరాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. బయటి రాష్ట్రంలో వేగం కేసు రుజువైతే న్యూజెర్సీ లైసెన్సు మీద 2 పాయింట్లు వేస్తుంది. అసలు పట్టించుకోకపోతే సొంత రాష్ట్రంలోనే లైసెన్సు ఆగిపోవచ్చు. ఇంకొందరు మామూలు వేగం టికెట్టును ఆ రాత్రే ఆన్‌లైన్‌లో కట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. దాచేవారిదీ, తొందరపడి కట్టేవారిదీ ఒకటే భయం: ఆ కాగితాన్ని నిదానంగా చదవనివ్వని భయం.

చదవండి. ఏ సెక్షను, ఏ కోర్టు, ఏ తేదీ, స్వయంగా రావాలని ఉందా? ఆ కౌంటీలో రోజూ వాదించే లాయరుతో మాట్లాడండి, చాలా కేసుల్లో మీ బదులు ఆయనే హాజరుకావచ్చు. స్పీడోమీటరు పరీక్ష చేయించిన కాగితం, డ్రైవింగ్ క్లాసు సర్టిఫికెట్ పనికొస్తాయేమో అడగండి. హెచ్-1బీ మీద ఉంటే, దేనికీ ఒప్పుకోకముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. వీసా దరఖాస్తులో అరెస్టులు, శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, ఈ ఆలోచనలన్నీ ఒంటరిగా మోయొద్దు.

కోర్టు తేదీ ఇప్పటికే దాటిపోయిందా? రేపు పొద్దున్నే క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి వారెంటు ఉందేమో, కొత్త తేదీ దొరుకుతుందేమో అడగండి. లైసెన్సు ఆగలేదని తేలేదాకా మాత్రం కారు తాళాలు ముట్టుకోకండి.