డెసిషన్ ఫటీగ్‌కి ఏఐ: ఆప్షన్లు అడగొద్దు, రూల్ రాయించుకోండి

పొద్దున లేవగానే ఏ బండికి పోవాలి, ఏం తినాలి, ఈరోజు ఏ సబ్జెక్ట్ చదవాలి, యూట్యూబ్‌లో ఎవరి క్లాస్ వినాలి, సేల్‌లో ఏ ఫోన్ కార్ట్‌లో పెట్టాలి... విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. కానీ సాయంత్రానికి "నువ్వే ఏదో ఒకటి చెప్పరా బాబూ" అనే దగ్గరికి తెస్తాయి. దీనికే డెసిషన్ ఫటీగ్ అని పేరు. మన భాషలో నిర్ణయాల అలసట అనుకోవచ్చు.

దీనికి ఏఐ వాడుకోవచ్చా? వాడుకోవచ్చు. టూల్స్‌కి కొరత కూడా లేదు. 2025 అక్టోబర్ చివర్లో జియో, ముందుగా 18-25 ఏళ్ల 5జీ యూజర్లతో మొదలుపెట్టి, 18 నెలల జెమినై ప్రో ఫ్రీగా ఇచ్చింది. అదే ఏడాది నవంబర్ 4 నుంచి చాట్‌జీపీటీ గో మన దేశంలో ఏడాది పాటు ఫ్రీ అయింది. చాలామంది యాప్ ఓపెన్ చేసి టైప్ చేసేది మాత్రం ఒకటే: "బెస్ట్ ఏది?" అది పది పేర్లు, ఒక్కోదానికి లాభనష్టాలతో ఇస్తుంది. ముందు మూడింటి మధ్య కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు పదింటి మధ్య కొట్టుకుంటారు. ఈ ఆర్టికల్‌లో నేను చెప్పేది ఈ అలవాటు మార్చుకోవడం గురించే.

ముందు కొంచెం సైన్స్

ఇంటర్నెట్‌లో ఈ టాపిక్ మీద ఎక్కువగా తిరిగేది 2011 నాటి ఇజ్రాయెల్ జడ్జీల స్టడీ. బ్రేక్ తర్వాత పెరోల్ అనుకూల తీర్పులు దాదాపు 65 శాతం ఉండి, సెషన్ చివరికి సున్నా దగ్గరికి పడిపోయాయని అందులో తేలింది. అయితే కేసులు వచ్చే వరుస యాదృచ్ఛికం కాదని, లాయర్ లేని ఖైదీల కేసులు చివర్లో వచ్చేవని అదే ఏడాది విమర్శ వచ్చింది. మనోబలం బ్యాటరీలా అయిపోతుందనే సిద్ధాంతాన్ని 2016లో 23 ల్యాబ్‌లు కలిసి, రెండు వేల మందికి పైగా మనుషుల మీద మళ్లీ పరీక్షిస్తే, ప్రభావం దాదాపు సున్నా అని వచ్చింది.

అంటే అలసట అబద్ధమా? కాదు. 'బుర్ర బ్యాటరీ' కథ మాత్రం రుజువు కాలేదు. ఎక్కువ ఆప్షన్లు మనిషిని ఎప్పుడు ఇబ్బంది పెడతాయో 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి చూశారు. అందులో తేలిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి, మనకేం కావాలో మనకే క్లియర్‌గా లేకపోవడం. మనకు పనికొచ్చే పాయింట్ ఇదే.

ఇక్కడ ఒక పేరు తెలుసుకోవాలి: హెర్బర్ట్ సైమన్. అన్నిటికన్నా గొప్పదాని కోసం వెతక్కుండా, సరిపోయే ప్రమాణం ముందే పెట్టుకుని, దాన్ని దాటిన మొదటిది తీసుకోవడానికి ఆయన 'సాటిస్‌ఫైసింగ్' అని పేరు పెట్టారు. అదే సైమన్ 1956 ప్రాంతంలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షాలతో కలిసి 'లాజిక్ థియరిస్ట్' తయారు చేశారు. మొట్టమొదటి ఏఐ ప్రోగ్రాముల్లో అదొకటి. 1975లో ట్యూరింగ్ అవార్డు, 1978లో ఎకనామిక్స్ నోబెల్ రెండూ ఆయనకే. ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకరు నిర్ణయాల గురించి చెప్పింది ఇంతే: "చాలు" అనే గీత ముందు గీసుకోండి.

కోడ్ రాసేవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే లెక్కను రోజూ మళ్లీ మళ్లీ చేయం. ఒకసారి చేసి క్యాష్‌లో పెడతాం. నిర్ణయాలతో కూడా అదే పని చేయాలి. మా వైపు మూడు ఊళ్ల నుంచి మూడు ఉదాహరణలు చూద్దాం.

జనగామ: ట్రైనా, బస్సా?

జనగామ నుంచి రోజూ సికింద్రాబాద్ వైపు అప్ అండ్ డౌన్ చేసే స్టూడెంట్లు, ఉద్యోగులు చాలామంది. మంత్లీ సీజన్ టికెట్ జేబులో ఉంటుంది. అయినా పొద్దున్నే పది నిమిషాలు ఫోన్‌లోనే పోతాయి. బండి లేటా, ఇంకాసేపు ఆగాలా, బస్టాండ్‌కి పోవాలా?

లైవ్ రన్నింగ్ స్టేటస్ చాట్‌బాట్‌ని నమ్మి అడిగేది కాదు. దానికి 'వేర్ ఈజ్ మై ట్రైన్' లాంటి యాప్ ఉంది. చాట్‌బాట్‌తో చేయించాల్సింది వేరే పని. మీ క్లాస్ టైమ్, స్టేషన్‌కి పట్టే టైమ్, బస్సు ఖర్చు చెప్పి ఇలా అడగండి:

"నాకు ఆప్షన్లు వద్దు. పై వివరాలతో నాలుగు లైన్ల రూల్ రాయి. ఏదైనా వివరం తక్కువైతే ముందు నన్ను ప్రశ్న అడుగు."

వచ్చే రూల్ ఇలా ఉంటుంది: ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒక్కసారే యాప్ చూడాలి. 20 నిమిషాల లోపు లేట్ అయితే స్టేషన్‌కే. అంతకు మించితే ఉప్పల్ బస్సు. దారి పట్టాక మళ్లీ ఆలోచన లేదు. దీన్ని ఫోన్ నోట్స్‌లో పిన్ చేసుకుంటే, రోజూ పొద్దున చేసే పంచాయితీ ఒక్కసారితో తెగిపోతుంది.

మహబూబాబాద్: ఈరోజు ఏం చదవాలి?

మా చిన్నమ్మ కూతురు మహబూబాబాద్‌లో గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. లైబ్రరీకి పోతుంది, కూర్చుంటుంది. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు, యూట్యూబ్‌లో ప్లేలిస్టులు, బ్యాగులో మూడు పబ్లికేషన్ల బుక్కులు. ఏది మొదలుపెట్టాలో తేల్చుకునేసరికి గంట పోతోంది. "చదవడం కష్టం కాదన్నా, మొదలుపెట్టుడే కష్టం" అంది.

గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఆ గంట విలువ ఎంతో ప్రిపేర్ అయ్యేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇద్దరం కూర్చుని చేసిన సెటప్ ఇది:

1. టీజీపీఎస్సీ అఫీషియల్ సిలబస్ పీడీఎఫ్ అప్‌లోడ్ చేసి, దాని బయటికి పోవద్దని చెప్పాం.
2. చివరి మూడు మాక్ టెస్టుల మార్కులు పేపర్ వారీగా ఇచ్చాం.
3. సబ్జెక్ట్‌కి ఒక్కటే పుస్తకం. ఆ పేర్లు తనే రాసింది, ఏఐ కాదు.
4. ఆదివారం అరగంట కూర్చుని వారం మొత్తం టైమ్‌టేబుల్ తీయడం. సోమవారం నుంచి శనివారం దాకా ప్లాన్ మార్చమని అడగడం బంద్.

నాలుగో లైన్ లేకపోతే మిగతా మూడూ దండగే. రోజూ కొత్త ప్లాన్ అడిగితే ఏఐ రోజూ ఇస్తుంది. అది అలసిపోదు, మనమే అలసిపోతాం.

ఒక హెచ్చరిక. ప్లాన్ కోసం ఏఐ సరే, ఫ్యాక్ట్స్ కోసం పుస్తకమే. ఉదాహరణకు రామప్ప గుడి ఏ జిల్లా? జయశంకర్ భూపాలపల్లి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. 2019 ఫిబ్రవరిలో దాన్నుంచి ములుగు విడిపోయింది. గుడి ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. ఆ మధ్య కాలంలో రాసిన వెబ్ పేజీల్లో మాత్రం భూపాలపల్లి అనే ఉంటుంది. ఆ పేజీలు చదివి నేర్చుకున్న ఏఐ పాత జవాబే ధైర్యంగా చెప్పొచ్చు. పరీక్షలో ఒక మార్కు పోవడానికి అది చాలు.

భూపాలపల్లి: ఏ ఫోన్ కొనాలి?

మన సైట్‌కి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. భూపాలపల్లిలో ఉండే నా దోస్త్ ఒకడు 20 వేల లోపు ఫోన్ కోసం నెల రోజులు రివ్యూలు చూశాడు. వాళ్లింట్లో నాన్నది సింగరేణి డ్యూటీ, షిఫ్టులు మారుతుంటాయి. ఫోన్ ఎప్పుడు మోగినా ఎత్తగలగాలి. అంటే వాడికి కావాల్సింది బెంచ్‌మార్క్ స్కోర్ కాదు.

వాడితో ముందు 'తప్పనిసరి' లిస్ట్ రాయించాను. ఇంట్లో సిగ్నల్ నిలబడాలి. రోజంతా బ్యాటరీ రావాలి. కనీసం మూడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్స్ రావాలి. సర్వీస్ సెంటర్ వరంగల్, హన్మకొండలో ఉండాలి, ఎందుకంటే అదే సుమారు 65 కిలోమీటర్లు. హైదరాబాద్ పోయి రిపేర్ చేయించుకునే ఓపిక లేదు. తర్వాత ప్రాంప్ట్:

"ఈ తొమ్మిది ఫోన్ల స్పెక్స్ కింద పేస్ట్ చేశాను. కొత్త ఫోన్ పేరు చెప్పొద్దు. నా నాలుగు షరతుల్లో ఒక్కటి తప్పినా కొట్టేయి. ఎందుకు కొట్టేశావో ఒక్క లైన్‌లో చెప్పు."

తొమ్మిది రెండయ్యాయి. సర్వీస్ సెంటర్ అడ్రస్ కంపెనీ సైట్‌లో వాడే చూసుకున్నాడు. ఏ సిమ్‌కి ఇంట్లో సిగ్నల్ బాగుంటుందో పక్కింటివాళ్లను అడిగాడు, ఆ సంగతి ఏ మోడల్‌కీ తెలియదు. ఆ రెండింట్లో షాపులో చేతికి నచ్చింది తీసుకున్నాడు. గమనించండి, ఏఐ ఎంపిక చేయలేదు, ఏరివేసింది. ఎంపిక మనిషిదే.

ఏఐ దాకా పోకూడనివి

టిఫిన్‌కి ఇడ్లీనా, ఉప్మానా లాంటివాటికి ప్రాంప్ట్ రాయడమే ఎక్కువ పని. ఏదో ఒకటి తినేయండి. మరోవైపు ఉద్యోగం మానేయడం, అప్పు తీసుకోవడం, పెళ్లి, ఆరోగ్యం లాంటివి ఏరివేతతో తేలేవి కావు. లెక్కలు సరిచూసుకోవడానికి ఏఐ పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. అలాగే ఆధార్, హాల్ టికెట్, బ్యాంక్ వివరాలు చాట్‌లో పెట్టకండి.

ఈ వారం చేసి చూడండి

- మీ చాట్ హిస్టరీ తెరిచి, ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగారేమో చూడండి. అడిగితే అది రూల్‌గా మారాల్సిన నిర్ణయం.
- ఏఐని అడిగే ముందే మీ షరతులు మీరే రాసుకోండి. మూడు, నాలుగు చాలు.
- "ఏది బెస్ట్" బదులు "ఇందులో ఏది కొట్టేయాలి" అని అడగండి.
- వచ్చిన రూల్‌ని వారం పాటు మార్చకండి. పని చేయకపోతే ఆదివారం మార్చుకోండి.

ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఏదో ఒక రోజు అయిపోతుంది. నోట్స్‌లో రాసుకున్న నాలుగు లైన్ల రూల్‌కి మాత్రం రీచార్జ్ అక్కర్లేదు.