సగటులకు సగటు తీయవచ్చునా?

మన హాస్టలు హాజరు రిజిస్టరులో పేరు, తరగతి, తేదీ ఉంటాయి. మార్కుల జాబితాలో పేర్ల పక్కన అంకెలుంటాయి. 'టాబ్లో' వంటి సాఫ్ట్‌వేర్ ఇలాంటి పట్టికలోని అంశాలను రెండు రకాలుగా చూస్తుంది. పేరు, తరగతి, ఊరు వంటివి 'డైమెన్షన్లు'. వాటిని బట్టి లెక్కను విడదీసి చూస్తాం. మార్కులు, రూపాయలు వంటివి 'మెజర్లు'. వాటిని కూడుతాం, సగటు తీస్తాం.

మార్కులను మౌస్‌తో లాగి తెర మీద వదలగానే టాబ్లో మామూలుగా వాటన్నింటినీ కూడి చూపుతుంది. పక్కన తరగతిని చేరిస్తే ఆ మొత్తం తరగతికొకటిగా విడిపోతుంది. మనం కోరితే మొత్తానికి బదులు సగటు, కనిష్ఠం, గరిష్ఠం చూపుతుంది. పేర్లను కూడలేం గానీ లెక్కపెట్టవచ్చు. ఒక విద్యార్థి పేరు రిజిస్టరులో 30 రోజులకు 30 సార్లు ఉంటే 'కౌంట్' 30 అంటుంది, 'కౌంట్ డిస్టింక్ట్' 1 అంటుంది. మనకు కావలసింది హాజరా, మనుషులా అన్నది ముందే తేల్చుకోవాలి.

అంకె అయినంత మాత్రాన అది మెజర్ కాదు. రోల్ నంబర్లను కూడితే వచ్చేదానికి అర్థం లేదు. దానిని డైమెన్షన్‌గా మార్చుకోవాలి.

ఇక అసలు చిక్కు. ఒక హాస్టలులో 10 మంది పదో తరగతి పరీక్ష రాసి 9 మంది పాసయ్యారనుకుందాం. మరో హాస్టలులో 90 మంది రాసి 45 మంది పాసయ్యారు. శాతాలు 90, 50. వాటి సగటు 70. కానీ నిజంగా 100 మందిలో పాసైనది 54 మందే! 10 మందికీ 90 మందికీ ఒకే తూకం వేయడం వల్ల వచ్చిన పొరపాటిది. శాతాలకు సగటు తీయకూడదు. పాసైనవారి మొత్తాన్ని రాసినవారి మొత్తంతో భాగించి 100తో హెచ్చించాలి. టాబ్లోలో ఈ సూత్రం ఒకసారి రాసుకుంటే జిల్లాల వారీగా, తరగతుల వారీగా ఎలా చూసినా శాతం సరిగా వస్తుంది.

70 అని చూసినవారు ఫరవాలేదనుకుంటారు. 54 అని చూసినా ఎక్కడ తప్పారో తెలియదు. హాస్టళ్ల వారీగా విడదీస్తేనే రెండో హాస్టలులో తప్పిన 45 మంది కనబడతారు. ట్యూటర్ ఎక్కడ అవసరమో అప్పుడే తెలుస్తుంది.

'టాబ్లో పబ్లిక్' ఉచితం. అయితే అందులో ప్రచురించినది అందరికీ కనబడుతుంది కనుక తోటివారి పేర్లు పెట్టవద్దు. కంప్యూటరు లేకున్నా ఈ లెక్కకు కాగితం, కలం చాలు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎవరైనా శాతం చెబితే, "ఎంతమందిలో?" అని అడగడం మనం అలవాటు చేసుకుందాం.