స్టేషనుకూ కళాశాలకూ నడుమ ఒక మైలు: కేంబ్రిడ్జి రైలు కథ

విద్యాలయం ఊరికి దూరంగా ఉండాలా, దగ్గరగా ఉండాలా అన్న చర్చ ఈనాటిది కాదు. చదువుకు ఏకాంతం కావాలని కొందరంటారు. లోకం మొహం చూడని చదువు చదువే కాదని మరికొందరంటారు. ఈ రెండు వాదాలూ ఒక రైలు స్టేషను దగ్గర ఎదురుబొదురుగా నిలబడిన ఊరు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. ఆ ఊరికి రైలు ఎలా వచ్చిందో, ఎవరిని తెచ్చిందో తెలుసుకోవడం విద్యార్థిలోకానికి ఉపయోగకరమే.

లండను నుంచి కేంబ్రిడ్జికి రెండు రైలు దారులున్నాయి. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషనులో ఎక్కితే బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్ మీదుగా సుమారు 56 మైళ్ళు. కింగ్స్ క్రాస్‌లో ఎక్కితే హిచిన్, రాయ్‌స్టన్ ఊళ్ళ మీదుగా 58 మైళ్ళు. ఈ రెండో దారిలో వేగంగా పోయే బండి ఇప్పుడు 50 నిమిషాలకు అటూఇటూగా చేరుస్తుంది. రాయ్‌స్టన్ దగ్గర సుద్దరాతి మిట్టలు దాటాక నేల చదునవుతుంది. కేంబ్రిడ్జి దాటి ఉత్తరంగా ఈలీ వైపు పోతే, ఒకప్పుడు చిత్తడిగా ఉండి, నీళ్ళు తోడించి సాగులోకి తెచ్చిన నల్లరేగడి లాంటి మాగాణి కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది.

ఈస్టర్న్ కౌంటీస్ రైల్వే కంపెనీ బండ్లు కేంబ్రిడ్జి చేరింది 1845 జూలై నెలాఖరున. అంతకుముందు లండను ప్రయాణమంటే గుర్రపు బండిలో గంటల తరబడి కుదుపులు. రైలు రాబోతున్నదంటే ఊళ్ళో వర్తకులు సంతోషించారు. విశ్వవిద్యాలయం పెద్దలకు మాత్రం గుండెల్లో రాయి పడింది. కుర్రవాళ్ళు లండను వినోదాలకో, దగ్గరున్న న్యూమార్కెట్ గుర్రప్పందాలకో ఎగిరిపోతారని వాళ్ళ భయం. అందుకే 1844 నాటి రైల్వే చట్టంలోనే షరతులు పెట్టించారు. ఆ షరతులు చదివితే ఈనాటి విద్యార్థికి నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

బండి వచ్చే వేళా పోయే వేళా విశ్వవిద్యాలయ అధికారులు స్టేషనులోకి స్వేచ్ఛగా రావచ్చు. ఫలానా ప్రయాణికుడు విద్యార్థేనా అని అడిగితే రైల్వే ఉద్యోగి తెలిసినంత చెప్పి తీరాలి. ఎం.ఏ. వంటి పట్టా ఇంకా పుచ్చుకోని విద్యార్థిని ఎక్కించుకోవద్దని అధికారి చెబితే, 24 గంటలపాటు కంపెనీ వాణ్ణి ఎక్కించుకోరాదు. చేతిలో ఛార్జీ డబ్బులున్నా సరే! ఆదివారం ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5 దాకా కేంబ్రిడ్జిలో ప్రయాణికులను ఎక్కించడం గానీ దించడం గానీ పనికిరాదు. తప్పితే 5 పౌన్ల జరిమానా.

అంతటితో ఆగలేదు. 1851లో కంపెనీ ఆదివారం చౌకధరలతో విహారపు బండ్లు నడిపితే, ఆనాటి వైస్ ఛాన్సలర్ కోపంతో డైరెక్టర్లకు లేఖ రాశారు. ఇలాంటి బండ్లు విశ్వవిద్యాలయానికే కాదు, దేవుడికి కూడా అపచారమన్నది దాని సారాంశం. ఆయన అభ్యంతరం రైలు మీద కంటే, చౌక టిక్కెట్టు కొనుక్కుని వచ్చే సామాన్య జనం మీదనే ఎక్కువ అనిపిస్తుంది.

స్టేషను ఊరి నడిబొడ్డుకు ఒక మైలు పైన దూరంలో ఉండడానికి కూడా విశ్వవిద్యాలయమే కారణమని అక్కడి జనం చెప్పుకుంటారు. ఆ మాటలో నిజం పాలెంతైనా, ఆ మైలు దూరం మాత్రం అందరూ అనుభవించినదే. 1880లో గుర్రపు ట్రాములు వచ్చి ఆ బాధ కొంత తీర్చాయి. 1914లో అవీ ఆగిపోయాయి. ఇప్పుడు బస్సులు, సైకిళ్ళు. 2016లో స్టేషను పక్కన దాదాపు 3 వేల సైకిళ్ళు పట్టే అంతస్తుల స్టాండు తెరిచారు.

స్టేషను కట్టడమూ వింతే. 450 మీటర్లకు పైబడిన ఒకే పొడవాటి ప్లాట్‌ఫారం. ఇటు పోయే బండీ అటు పోయే బండీ ముందొకటి వెనకొకటిగా దాని పక్కనే ఆగేవి. నడుమ పట్టా మారే ఏర్పాటు ఉంది. నేరుగా సాగిపోయే బండ్లకు మరో ప్లాట్‌ఫారం కట్టేసరికి 2011 డిసెంబరు అయింది.

ఇక అసలు సంగతి. విద్యార్థులను చెడగొడుతుందని భయపడిన ఆ రైలే విద్యకు కొత్త దారి వేసింది. ఎమిలీ డేవిస్ అనే ఆవిడ 1869లో ఐదుగురు విద్యార్థినులతో మహిళా కళాశాల ప్రారంభించారు. అయితే కేంబ్రిడ్జిలో కాదు, లండనుకూ కేంబ్రిడ్జికీ ఇంచుమించు సగం దారిలో ఉన్న హిచిన్‌లో. మగపిల్లల ఊళ్ళో ఆడపిల్లల కళాశాల అంటే లోకం ఒప్పుకోని రోజులవి. అందుకని కేంబ్రిడ్జి ఉపన్యాసకులే రైలెక్కి వచ్చి పాఠాలు చెప్పి మళ్ళీ రైల్లో వెళ్ళేవారు. రైలు లేకుంటే ఆ కళాశాల లేదు. 1873లో అది కేంబ్రిడ్జి పక్కనున్న గిర్టన్‌కు మారింది. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు చదివింది ఆ గిర్టన్‌లోనే.

రైలుకు పక్షపాతం లేదు. 1897లో స్త్రీలకు పట్టాలివ్వాలా వద్దా అని ఓటింగు జరిగినప్పుడు, లండను నుంచి ప్రత్యేక బండ్లలో పాత పట్టభద్రులు దిగి, వద్దని భారీ ఆధిక్యంతో తీర్మానించి సాయంత్రానికి ఇళ్ళకు పోయారు. విద్యార్థినులు పూర్తి పట్టాల కోసం 1948 దాకా ఆగవలసి వచ్చింది. దారి వేయడంతోనే మనసులు మారవని ఇందువల్ల తెలుస్తున్నది. కానీ దారి లేకుంటే మారే అవకాశమే లేదు.

ఆ దారిన మనవాళ్ళూ వెళ్ళారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి, వాగ్వాదాలకు పేరుపడ్డ కేంబ్రిడ్జి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. తరువాత 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఒక విశ్వవిద్యాలయానికి పోయిన దారి మరో విశ్వవిద్యాలయానికి దారి తీసిందన్నమాట.

ఈనాడు స్టేషనులో నిలబడి విద్యార్థిని ఆపే అధికారి లేడు. ఆదివారం బండ్లు యథేచ్ఛగా తిరుగుతున్నాయి. అయినా కాపలా పూర్తిగా పోలేదు. కేంబ్రిడ్జిలో ఇళ్ళ ధరలు భరించలేక అక్కడ పనిచేసేవారెందరో ఈలీ వంటి ఊళ్ళ నుంచి రోజూ రైల్లో వచ్చిపోతున్నారు. వాళ్ళకు ఇంటి అద్దె, టిక్కెట్టు ధరే కొత్త కాపలాదారులు. కనుక ఏ విద్యాలయాన్ని గురించైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: అక్కడికి చేరే దారి ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది? మన కళాశాల వాకిట ఆగే బస్సును చూసినప్పుడు కూడా ఈ ప్రశ్న వేసుకోవచ్చు.