మొలకకు నీలివెలుగు ఎలా తెలుస్తుంది?

గుప్పెడు ఉలవలు నానబెట్టి, మొలకెత్తాక రెండు చిన్న డబ్బాల్లో మట్టి పోసి నాటండి. ఒక్కొక్క డబ్బాను ఒక్కొక్క చెప్పుల అట్టపెట్టెలో ఉంచి మూత వేయండి. పెట్టెకు ఒక పక్క రూపాయి బిళ్ళంత రంధ్రం చేసి, ఒకదానికి నీలం, రెండోదానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం అంటించండి. గిద్దలూరు, మార్కాపురం పిల్లలకు ఎండకు కరువు లేదు గాని, పెట్టెలను ఎండలో పెడితే మొలకలు ఉడికిపోతాయి. నీడపట్టున, కిటికీ దగ్గర ఉంచండి. రెండు మూడు రోజుల తర్వాత చూస్తే, నీలం పెట్టెలోని మొలకలు రంధ్రం వైపు మెడ వంచి కనిపిస్తాయి. ఎర్ర పెట్టెలోనివి పెద్దగా వంగవు.

మొలకకు కళ్ళు లేవు కదా, మరి నీలివెలుగు ఎటునుంచి వస్తున్నదో దానికెలా తెలిసింది? 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డిమొలకల కొనలకు టోపీలు తొడిగి చూశారు. కొన కప్పిన మొలక వంగలేదు. వెలుగును కనిపెట్టేది కొన, వంగేది దాని కింది భాగం అని తేలింది. కొనలోని ఏ పదార్థం ఆ పని చేస్తుందో తెలియడానికి మరో నూరేళ్ళు పైగా పట్టింది.

1997లో అమెరికాలోని కార్నెగీ సంస్థలో విన్‌స్లో బ్రిగ్స్ బృందం, ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఒక జన్యువును గుర్తించింది. అది చెడిన మొక్కలు మందమైన నీలికాంతి వైపు వంగవు. ఆ జన్యువు చేయించే ప్రొటీనుకు తర్వాత ఫోటోట్రోపిన్ అని పేరు పెట్టారు.

ఇక్కడ కొంచెం ఆగండి. బావి మోటారుకు తీగ తెగితే నీళ్ళు రావు. అంతమాత్రాన నీళ్ళు తోడేది తీగే అంటామా? వెలుగును మరేదో పట్టుకొంటే, ఈ ప్రొటీను ఆ కబురు మోస్తూ ఉండవచ్చు. మొక్క కణంలో వేలాది ప్రొటీన్లుంటాయి. వాటి మధ్య నుంచి దీన్ని విడదీసి, ఒంటరిగా పరీక్షించాలి. అందుకు సాయపడింది ప్లాస్మిడ్.

చాలా బాక్టీరియాల్లో అసలు డి.ఎన్.ఎ.తోపాటు గాజులా గుండ్రంగా ఉండే చిన్న డి.ఎన్.ఎ. కూడా ఉంటుంది. అదే ప్లాస్మిడ్. దాన్ని ఎంజైముతో కత్తిరించి, మొక్క జన్యువును అందులో చేర్చి, మరో ఎంజైముతో అతుకుతారు. మొక్క జన్యువులో అక్కడక్కడ అక్కరలేని ముక్కలుంటాయి. వాటిని ఏరివేయడం బాక్టీరియాకు రాదు. కనుక ముక్కలు తీసేసిన ప్రతినే ఇవ్వాలి. ప్లాస్మిడ్‌లో ఆంపిసిలిన్ మందును తట్టుకొనే జన్యువు కూడా ఉంటుంది. ఆ మందు కలిపిన మేతపై బాక్టీరియాను పెంచితే, ప్లాస్మిడ్ అందనివి చచ్చి, అందినవే మిగులుతాయి. ఎంత చక్కని జల్లెడ! ఇక జన్యువు ముందున్న మీటను ఒక రసాయనంతో నొక్కితే, బాక్టీరియా మొక్క ప్రొటీనును తయారు చేయసాగుతుంది.

ఫోటోట్రోపిన్ పెద్ద ప్రొటీను. సుమారు 1000 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో వెలుగుకు సంబంధించినదని అనుమానించిన, నూటికి కాస్త మించిన అమైనో ఆమ్లాల ముక్కను 1999లో ఓట్స్ జన్యువు నుంచి తీసి, ఇ. కోలై బాక్టీరియాలో చేయించారు. శుద్ధి చేస్తే పసుపు పచ్చని ద్రవం వచ్చింది! బి2 విటమిను నుంచి తయారయ్యే ఎఫ్.ఎం.ఎన్. అనే పదార్థాన్ని ఆ ముక్క బాక్టీరియాలోనే సంపాదించుకొని పట్టుకొంది. నీలికాంతిని పీల్చుకొనే వస్తువు మనకు పసుపుగా కనిపించడం మామూలే. ఆ ద్రవంపై నీలికాంతి పడితే పసుపు వెలిసిపోతుంది. చీకట్లో ఉంచితే కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది. అక్కడ ఆకు లేదు, కాండం లేదు. ప్రొటీను ముక్క ఒక్కటే వెలుగుకు స్పందించింది.

వెలుగు పడగానే ఎఫ్.ఎం.ఎన్.కు, ప్రొటీనులోని ఒక సిస్టీనుకు మధ్య బంధం ఏర్పడుతుంది. 2000లో ప్లాస్మిడ్‌లోని జన్యువును సవరించి ఆ సిస్టీను స్థానంలో వేరే అమైనో ఆమ్లం పెట్టి చూశారు. ఎంత వెలుగు పడినా ఆ మార్పు రాలేదు.

మన దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. మందమైన నీలికాంతి వైపు వంగని ఒక టమాటా మొక్కపై హైదరాబాద్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జపాన్ వారితో కలిసి పరిశోధించి 2014లో ఫలితాలు ప్రచురించారు. దాని ఫోటోట్రోపిన్‌లో 495వ అమైనో ఆమ్లం ఆర్జినైన్ కావలసింది, హిస్టిడిన్ అయింది. అంతే తేడా. మెండెల్ పాఠం చదివిన వారు ఇది గమనించండి: ఈ లోపం బహిర్గత లక్షణం. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి బాగానే ఉన్నా, చెడిన రెండోది దాని పని కూడా సాగనివ్వదు.