ఒత్తిడి మెదడులో ఏం చేస్తుంది?

ప్రశ్న: ఒత్తిడి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు రోజూ చేసే పని ఏమిటి? మన దేశంలో అలాంటివారు ఉన్నారా? – ఇంటర్ విద్యార్థిని, మేళ్లచెరువు

జవాబు: ఉన్నారు. వారిలో ఒకరైన సుమంత్ర చటర్జీ చదివింది భౌతికశాస్త్రం. ఐఐటీ కాన్పూర్ నుంచి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మెదడు పరిశోధనలోకి మళ్లారు. తిరిగివచ్చి బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ప్రయోగశాల పెట్టారు. ఆయన బృందం మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన శంకరనారాయణరావుతో కలిసి 2002లో ప్రచురించిన ఫలితం ఈ రంగంలో మైలురాయి.

ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనివ్వకుండా ఉంచారు. తర్వాత వాటి నాడీకణాలను గోల్గి పద్ధతిలో నల్లగా రంగెక్కించి, ఒక్కో కణం కొమ్మలను సూక్ష్మదర్శినిలో కొలిచారు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొమ్మలు కుంచించుకుపోయాయి. భయానికి కేంద్రమైన అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. ఒత్తిడి మెదడును అంతటా ఒకేలా దెబ్బతీస్తుందన్న ఊహ అక్కడ నిలవలేదు. 2004లో వచ్చిన ఫలితం ఇంకా ఆలోచింపజేస్తుంది: 21 రోజులు విశ్రాంతి ఇచ్చినా అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, ఎలుకల ఆందోళనా పోలేదు. కొన్నాళ్లు సెలవు పెడితే అన్నీ సర్దుకుంటాయని మనిషికి చెప్పేముందు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

ఎలుక ఆందోళనను కొలవడానికి నేల నుంచి ఎత్తులో కూడిక గుర్తు ఆకారపు దారి కడతారు. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదిరిన ఎలుక గోడల చాటు వదలదు. ఇలా జంతువులపై చేసే ఏ ప్రయోగానికైనా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: కోదాడ దగ్గర హైవే మీద ప్రమాదం నుంచి గీత కూడా పడకుండా బయటపడ్డ మనిషి వారం వరకు మామూలుగానే ఉన్నాడు. ఇప్పుడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు, బండెక్కడం లేదు. ఇంట్లోవాళ్లు నటన అంటున్నారు. – పాఠకురాలు, కోదాడ

జవాబు: నటన అనడం అన్యాయం. ఒకే ఒక్కసారి 2 గంటలు ఒత్తిడికి గురైన ఎలుకల్లో మరునాడు తేడా ఏమీ కనిపించలేదు. 10 రోజులయ్యాక ఆందోళన పెరిగింది, అమిగ్డలాలో కణాల మధ్య సంబంధాలు ఏర్పడే సన్నని ముళ్లూ ఎక్కువయ్యాయి. ఇది చటర్జీ బృందం 2005లో ప్రచురించిన ఫలితం. ఇందులో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెక్‌ఈవెన్ కూడా ఉన్నారు. ఒత్తిడి హార్మోన్లు నేరుగా హిప్పోకాంపస్‌కు చేరతాయని 1968లో చూపిన శాస్త్రవేత్త ఆయనే. 2012లో అదే బృందం మరో వింత చూపింది: ఒత్తిడికి ముందే ఎలుకలకు ఒత్తిడి హార్మోన్ ఇస్తే, తర్వాత రావలసిన ఆందోళన రాలేదు. అంటే హార్మోన్ ప్రతిసారీ శత్రువు కాదు. దీన్ని చదివి ఎవరూ సొంతంగా ఆ కోవకు చెందిన స్టెరాయిడ్ మాత్రలు వాడకూడదు.

ఎలుకలో తేలిందంతా మనిషికి అలాగే వర్తించదు గానీ, భయం ఆలస్యంగా మొదలవడం మానసిక వైద్యులకు తెలిసిన విషయమే. నెల దాటినా తగ్గకపోయినా, ఈలోగా పని సాగకపోయినా వైద్యుణ్ని కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసి పగలు ఎంత పడుకున్నా చికాకు తగ్గదెందుకు? – పాఠకుడు, మేళ్లచెరువు

జవాబు: కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తెల్లవారేసరికి పెరిగి, అర్ధరాత్రికి తగ్గుతుంది. షిఫ్టు మారిన వెంటనే ఈ క్రమం మారదు. శరీరం మేల్కొనే వేళ పడుకోవడంతో నిద్ర పలచబడుతుంది. గది చీకటిగా ఉంచుకోవడం, షిఫ్టు చివరి గంటల్లో టీ మానడం కొంత మేలు చేస్తాయి.

ప్రశ్న: బైపీసీ చదివినవారు ఈ రంగంలోకి ఎలా వెళ్లాలి? ఎంబీబీఎస్ ఉండాలా? – తండ్రి, మిర్యాలగూడ

జవాబు: అక్కర్లేదు. ఇంటర్ తర్వాత ఐఐఎస్‌ఈఆర్ ప్రవేశ పరీక్ష రాసి తిరుపతి వంటి చోట్ల ఉన్న ఆ సంస్థల్లో చేరవచ్చు. లేదా బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించాలి. 2023 నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి నిమ్హాన్స్, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఆ మానేసర్ కేంద్రానికి తొలి డైరెక్టర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారే. పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది, ఉద్యోగం ఆ తర్వాతి మాట. ఇంటి ఖర్చు వెంటనే మోయవలసిన పిల్లలకు ఇది కష్టమైన దారి. ఆ బరువు లేక, లెక్కలన్నా గణాంకాలన్నా భయం లేని విద్యార్థిని మాత్రం ఆపవద్దు.