స్వతంత్ర చిత్రకారుడు – కె.బి. తిలక్

ప్రవేశిక

కవికి కాగితమూ కలమూ ఉంటే చాలును. చిత్రకారునికి కుంచె, రంగులు చాలును. చలనచిత్ర దర్శకుని స్థితి అది కాదు. ఆయన మనసులో ఒక దృశ్యం మెదిలితే, అది తెరమీదికి రావడానికి నటీనటులు, ఛాయాగ్రాహకుడు, గాయకులు, వాద్యకారులు, కూర్పరి, లైట్లు మోసేవారు, వంటవారు కావాలి. వీరందరికీ వేతనాలు చెల్లించడానికి ధనం కావాలి. ఆ ధనం సాధారణంగా ఇతరులది. ధనం పెట్టినవారు కథలోనూ జోక్యం చేసుకుంటారు. ఈ జోక్యాన్ని వీలైనంత తగ్గించుకొని, తాను చెప్పదలచిన కథను తానే నిర్మించి, లాభనష్టాలను తానే భరించే వ్యక్తిని స్వతంత్ర చిత్ర నిర్మాత అంటారు. ఈ మాట ఇటీవల ఎక్కువగా వినిపిస్తున్నా, ఆ మార్గం తెలుగువారికి కొత్త కాదు. కొల్లేటి సీమ నుంచి వెళ్ళిన కె.బి. తిలక్ జీవితం అందుకు ఒక నిదర్శనం.

పాఠం

ఏలూరు నుంచి దక్షిణంగా కొల్లేటి లంకల వరకు, తూర్పున తాడేపల్లిగూడెం, ఉండి, భీమవరం వరకు ఉన్న నేల కాలువల నేల. గోదావరి నీరు పారి రెండు పంటలు పండిన ఈ ప్రాంతంలో నాటకాలకూ, ఆ తరువాత సినిమాలకూ ఆదరణ మెండుగా ఉండేది. డేరాలలో ఆడే టూరింగు టాకీసులకు చుట్టుపక్కల గ్రామాల ప్రజలు బండ్లు కట్టుకొని వచ్చేవారు. చిత్రసీమలో సంపాదించినది ఈ నేలమీదనే వెచ్చించినవారూ ఉన్నారు. ప్రసిద్ధ హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో తన పేరిట సినిమా థియేటరు కట్టించారు. అయితే ప్రేక్షకులు ఇక్కడ ఉన్నా, చిత్రాలు తయారయ్యే చోటు మాత్రం చాలాకాలం మద్రాసు. ఈ ప్రాంతపు యువకులు సినిమా కళ నేర్వాలంటే ఇల్లు విడిచి వెళ్ళక తప్పేది కాదు.

అట్లా వెళ్ళినవారిలో మొదట చెప్పుకోదగినవారు ఎల్.వి. ప్రసాద్. ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908లో జన్మించిన ఆయన, చేతిలో చదువూ ధనమూ లేకుండా బొంబాయి చేరి, స్టూడియోలలో చిన్నచిన్న పనులు చేస్తూ పైకి వచ్చారు. హిందీ, తమిళం, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన ఘనత ఆయనది. తరువాత దర్శకుడై, నిర్మాతయై, స్టూడియోల అధిపతియై, 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని అందుకున్నారు. ఆయన మేనల్లుడే కొల్లిపర బాలగంగాధర తిలక్.

తిలక్ 1926 జనవరి 14న ఏలూరుకు సమీపంలోని దెందులూరులో జన్మించారు. లోకమాన్యుని పేరు పెట్టుకున్న కుటుంబంలో దేశభక్తి సహజంగానే అబ్బింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చేనాటికి ఆయనకు పదహారేళ్ళు. ఈనాటి ఇంటర్మీడియట్ విద్యార్థి వయస్సు. ఆ వయస్సులోనే ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. అనంతరం వామపక్ష భావాలకు దగ్గరై, ప్రజానాట్యమండలితో కలిసి పనిచేశారు. కళ ప్రజలకోసమే అన్న నమ్మకం ఆయనకు పుస్తకాలవల్ల కంటె ఈ అనుభవాలవల్లనే కలిగిందని చెప్పవచ్చు.

మేనమామ చిత్రసీమలో ఉన్నా, తిలక్ నేరుగా దర్శకుని కుర్చీలో కూర్చోలేదు. కూర్పు విభాగంలో సహాయకుడుగా చేరి పని నేర్చుకున్నారు. కూర్పరి బల్ల దర్శకునికి మంచి పాఠశాల. ఎంతో శ్రమించి తీసిన దృశ్యమైనా కథకు అవసరం లేకపోతే కత్తిరించక తప్పదని అక్కడ తెలుస్తుంది. ముడిఫిల్ము ఖరీదైన ఆ రోజులలో వృథా చేసిన ప్రతి అడుగూ నిర్మాతకు నష్టమే. తక్కువ ధనంతో చిత్రం తీయదలచినవానికి ఇంతకంటె ఉపయోగపడే విద్య మరొకటి లేదు.

తిలక్ అనుపమ ఫిలిమ్స్ అనే స్వంత సంస్థను నెలకొల్పి, 1956లో ‘ముద్దుబిడ్డ’ చిత్రానికి దర్శకత్వం వహించారు. వంగ రచయిత శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ రచించిన ‘బిందుర్ ఛేలే’ కథ దీనికి ఆధారం. తోడికోడలి బిడ్డను తన కన్నబిడ్డగా పెంచుకొన్న చిన్నకోడలి కథ ఇది. ఇందులో విప్లవం లేదు, నినాదం లేదు. ఉమ్మడి కుటుంబంలోని మమకారమూ, పంతమూ మాత్రమే ఉన్నాయి. తొలి చిత్రానికి ఇటువంటి కథను ఎన్నుకోవడం వివేకమే. శరత్ సాహిత్యాన్ని తెలుగు పాఠకులు తమ సాహిత్యంగానే చదువుకుంటున్న కాలమది. ఈ కథనే తిలక్ పదిహేనేళ్ళ తరువాత, 1971లో, ‘ఛోటీ బహూ’ పేరుతో రాజేశ్ ఖన్నా, షర్మిలా టాగోర్‌లు నటించగా హిందీలో తీశారు.

ఆయన అసలు ధోరణి రెండవ చిత్రంతో బయటపడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. మరుసటి సంవత్సరం ‘ఎం.ఎల్.ఏ.’ విడుదలయింది. కొత్త రాష్ట్రంలో శాసనసభ్యుడు అనే మాట ఇంకా పల్లెలలో కొత్తగా ధ్వనిస్తున్న రోజులలో, దానినే చిత్రానికి పేరుగా పెట్టడం సాహసం. సావిత్రి, జగ్గయ్య ఇందులో ప్రధాన పాత్రధారులు. జె.వి. రమణమూర్తి నటునిగా పరిచయమైనదీ, గాయని ఎస్. జానకి తెలుగు తెరకు తొలిసారిగా పాడినదీ ఈ చిత్రంతోనే. కొత్త రాజధాని అయిన హైదరాబాదును చూపిస్తూ ఆరుద్ర రచించిన పాట నేటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవచ్చు. ఈ చిత్రంలో నటించిన జగ్గయ్య పదేళ్ళ తరువాత, 1967లో, ఒంగోలు నుంచి నిజంగానే లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తిలక్ చిత్రాలలో ప్రసిద్ధ తారలున్నారు, పాటలున్నాయి, హాస్యమున్నది. స్వతంత్ర నిర్మాత అంటే ఇవన్నీ విడిచిపెట్టినవాడని అనుకోరాదు. ఆ కాలపు వ్యాపార పద్ధతి తెలిస్తే దీనికి కారణం బోధపడుతుంది. చిత్ర నిర్మాణం సాగుతుండగానే పంపిణీదారులు నిర్మాతకు వాయిదాలలో ముందస్తు సొమ్ము చెల్లించేవారు. ఆంధ్ర ప్రాంతపు పంపిణీ వ్యాపారానికి విజయవాడ కేంద్రం. కథ కంటె ముందు వారు అడిగే ప్రశ్నలు ఇవి: కథానాయకుడెవరు? పాటలెన్ని? హాస్యనటులెవరు? సమాధానం నచ్చకపోతే సొమ్ము రాదు. సొమ్ము రాకపోతే స్టూడియో అద్దె, ముడిఫిల్ము, రసాయనశాల ఖర్చు నిలిచిపోతాయి. సగంలో ఆగిన చిత్రానికి వడ్డీ మాత్రం ఆగదు. ఈ బేరంలో తిలక్ తారలను ఒప్పుకున్నారు, పాటలను ఒప్పుకున్నారు. పెండ్యాల నాగేశ్వరరావు వంటి సంగీత దర్శకుని, ఆరుద్ర, శ్రీశ్రీ వంటి కవులను దగ్గర చేర్చుకొని ఆ పాటలనే తన చిత్రాలకు బలంగా మలచుకున్నారు. ఏ కథ చెప్పాలన్న నిర్ణయాన్ని మాత్రం తన చేతిలో ఉంచుకున్నారు. ఆయన స్వాతంత్ర్యం అక్కడ ఉన్నది.

‘అత్తా ఒకింటి కోడలే’, ‘చిట్టి తమ్ముడు’, ‘ఈడూ జోడూ’ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. 1965లో వచ్చిన ‘ఉయ్యాల జంపాల’ పాటలు విననివారు ఆ తరంలో అరుదు. అయినప్పటికీ మొత్తంమీద ఆయన తీసిన చిత్రాలు డజనుకు అటూ ఇటూగా ఉంటాయి. చిత్రసీమలో అంతకాలం ఉన్నవారికి ఇది చాలా తక్కువ సంఖ్య. మేనమామ స్టూడియోలు కట్టారు. మేనల్లుడు చిన్న సంస్థతోనే ఉండిపోయారు. ఇద్దరి మార్గాలూ వేరు. ఒకరి విజయంతో మరొకరిని కొలవడం సరికాదు.

1970వ దశకంలో తిలక్ చిత్రాలు మరింత సూటిగా సమాజంవైపు తిరిగాయి. భూమి సమస్య అప్పుడు రాష్ట్రమంతటా రగులుతున్నది. శ్రీకాకుళ గిరిజన ఉద్యమం జ్ఞాపకాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వ్యవసాయ భూములకు గరిష్ఠ పరిమితి విధిస్తూ రాష్ట్రంలో 1973లో చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరమే ‘భూమికోసం’ వచ్చింది. హిందీ నటుడు అశోక్‌కుమార్ ఇందులో నటించడం విశేషం. శ్రీశ్రీ ఈ చిత్రానికి పాట వ్రాశారు. ఎవరో వచ్చి తమను ఉద్ధరిస్తారని ఎదురుచూడవద్దని ప్రజలను హెచ్చరించే పాట అది. తరువాత అఖిల భారత ఖ్యాతి పొందిన జయప్రద తొలిసారి తెరపై కనిపించినదీ ఇందులోనే. మూడు నిమిషాల పాటలో నటించినందుకు ఆమెకు ముట్టిన పారితోషికం 10 రూపాయలు. ఈ సంగతిని వేడుకగా చెప్పుకుంటారు కాని, చిన్న నిర్మాత ఎంత పరిమితమైన వనరులతో పనిచేసేవాడో కూడ అది తెలియజేస్తుంది.

1976లో తిలక్ తన పుట్టినచోటికి కథతో తిరిగివచ్చారు. ఆ చిత్రం పేరు ‘కొల్లేటి కాపురం’. రామకృష్ణ, ప్రభ ఇందులో నటించారు. నిలకడ లేని బ్రతుకును తెలుగువారు కొల్లేటి కాపురమంటారు. ఆ నుడికారం ఊరక పుట్టలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు నేల కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీరంతా ఇందులో చేరుతుంది. చేరిన నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వానకాలంలో ఆ దారి చాలక నీరు లంకల మీదికి ఎక్కుతుంది. వేసవిలో సరస్సు కుంచించుకొని, బీడు బయటపడుతుంది. లంకలలోని జాలరి కుటుంబాలు దోనెలపై తిరుగుతూ, చేపలు పట్టుకొని, నీరు తీసినప్పుడు వరి వేసుకొని జీవించేవి. ఇల్లు ఏ యేడు నిలుస్తుందో, ఏ యేడు మునుగుతుందో చెప్పలేని బ్రతుకు అది.

ఇటువంటి చోటిని కథాస్థలంగా తీసుకోవడంలో చిన్న నిర్మాతకు ఎదురయ్యే కష్టం సులభంగా ఊహించవచ్చు. స్టూడియోలో గోడ కట్టవచ్చు, చంద్రుణ్ణి వెలిగించవచ్చు, కొల్లేరును కట్టలేరు. నీటిమీద బరువైన కెమెరాను నిలపాలంటే దోనె కదలకూడదు. దోనె కదలకుండా ఉండదు. మబ్బు పడితే ఆ రోజు పని పోతుంది, కూలి మాత్రం పోదు. అన్నిటినీ మించి, జాలరి బ్రతుకును చూడడానికి పట్టణ ప్రేక్షకుడు డబ్బిచ్చి వస్తాడా అన్న పంపిణీదారుని ప్రశ్నకు జవాబు చెప్పాలి.

తిలక్ పేరు పెట్టిన ఆ కాపురం తరువాతి కాలంలో మరింతగా మారిపోయింది. చేపల చెరువులకోసం కట్టలు వెలిసి సరస్సు ముక్కలయింది. 1999లో ప్రభుత్వం కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో అది చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చెరువు గట్లను యంత్రాలతో పగులగొట్టారు. ఈనాడు భీమవరం నుంచి ఉండి, ఆకివీడు మీదుగా రైలులో కైకలూరు వైపు వెళ్ళేవారికి కిటికీ పొడవునా చెరువులు కనిపిస్తాయి. వెనుకటి కొల్లేటి జీవనాన్ని ఊహించుకోవాలంటే కథలూ చిత్రాలే ఆధారం.

ఈ ప్రాంతపు వారే అయిన అక్కినేని కుటుంబరావు కూడ స్వతంత్ర మార్గంలో నడిచిన దర్శకుడు. నిరుపేద బాలల జీవితంపై ఆయన తీసిన ‘భద్రం కొడుకో’ 1991వ సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. కొల్లేటి కథను మాత్రం ఆయన తెరమీద కాక, ‘కొల్లేటి జాడలు’ అనే నవలలో చెప్పారు. నవలకు పంపిణీదారులు అక్కరలేదు కదా!

తిలక్ 2010 సెప్టెంబరులో కన్నుమూశారు. అప్పటికే ముడిఫిల్ము యుగం ముగింపునకు వచ్చింది. డిజిటల్ కెమెరా రాకతో చిత్రీకరణ వ్యయం తగ్గింది. విశాఖపట్నంలోని ఒక పేటలో, ఎనభైమందికి పైగా స్థానికులనే నటులుగా తీసుకొని, వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశారు. అమెరికాలో హృద్రోగ వైద్యురాలైన పరుచూరి ప్రవీణ దానికి నిర్మాత. చిత్రం న్యూయార్కు భారతీయ చిత్రోత్సవంలో ప్రదర్శితమయింది. అయినా 2018 సెప్టెంబరులో అది తెలుగు ప్రేక్షకుల ముందుకు రావడానికి సురేష్ ప్రొడక్షన్స్ వంటి పెద్ద సంస్థ అండ కావలసివచ్చింది.

కఠిన పదాలు – అర్థాలు

కూర్పరి = చిత్రంలోని దృశ్యాలను వరుసగా అతికి అమర్చేవాడు
ముడిఫిల్ము = ఇంకా చిత్రీకరణకు వాడని ఫిల్ము
లంక = చుట్టూ నీరు గల మెట్ట నేల
దోనె = చిన్న పడవ
నుడికారం = పలుకుబడి, జాతీయం

ప్రశ్నలు

1. స్వతంత్ర చిత్ర నిర్మాత అని ఎవరిని అంటారు? పంపిణీదారులతో బేరంలో తిలక్ దేనిని ఒప్పుకున్నారు, దేనిని ఒప్పుకోలేదు?
2. ‘కొల్లేటి కాపురం’ అన్న నుడికారం ఎట్లా పుట్టిందో పాఠం ఆధారంగా వివరించండి.
3. తిలక్ కాలంలోని ఏ ఆటంకం నేడు తగ్గింది? ఏది మిగిలి ఉన్నది?
4. మీ ఊరి జీవితంపై చిత్రం తీయవలసివస్తే ఏ కథను ఎన్నుకుంటారు? దానికి ధనం పెట్టేవారిని ఎట్లా ఒప్పిస్తారో ఒక లేఖ రూపంలో వ్రాయండి.